అరవై నాలుగో పేజీ

ఉమామహేశ్వర ఇంట్లో ఒక ఇనుప బీరువా ఉండేది. దాన్నిండా చించిన కాగితాలు, అన్నీ విదేశీ సంగీత పత్రికల విషయసూచికలే. మిగతా పేజీలు ఏం చేశారు సార్ అని అడిగితే, పాత పేపర్లవాడికి వేసేశానని గర్వంగా చెప్పాడు. సంగీతం గురించి రాసిన పేజీలన్నీ తూకానికి పోయాయి, అది ఏ పేజీలో ఉందో చెప్పే కాగితం మాత్రం బీరువాలో భద్రంగా ఉంది. మనిషి ఎలాంటివాడో ఆ పూటే తెలిసిపోయింది. తెలిసి కూడా అతని దగ్గర పనికి ఒప్పుకున్నాను కాబట్టి, ఈ కథలో తిట్టాల్సిన వాళ్ల జాబితాలో నా పేరు కూడా రాసుకోండి.

అతను ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. కడప నుంచి ‘పెన్నానాదం’ అని నెలనెలా ఒక సంగీత పత్రిక తెస్తాడు. డెబ్బై రెండు పేజీలు, మూడు వందల కాపీలు. అందులో సగం అతనే పంచుతాడు, మిగతా సగం అతని మంచం కింద ఉంటుంది. మాట్లాడితే రేడియోలో వార్తలు చదివినట్టు ఉంటుంది. కడపలో పుట్టి కడపలో పెరిగిన మనిషి నోట్లో ఒక్క కడప మాట దొర్లకుండా అరవై ఏళ్లకు పైగా ఎలా నెట్టుకొచ్చాడో నాకు ఆశ్చర్యం.

నేను పగలు ఫ్లెక్సుల షాపులో డిజైన్లు చేస్తాను. పుట్టినరోజులు, పదవులు, పెళ్లిళ్లు, చావులు. బతికున్నవాడికి రంగులు, దండం పెట్టే చేతులు, కొంచెం పలుకుబడి ఉంటే చెవి దగ్గర సెల్ ఫోను. చచ్చినవాడికి నలుపు తెలుపు ఫోటో, పక్కన దీపం, కింద పేరూ వయసూ. మా సీమలో ఒక్క అక్షరం రాని ముసలమ్మ కూడా ఆటోలో పోతూ పోతూ ఆ ఫ్లెక్సు చదివేస్తుంది. రంగుంటే ఉన్నాడు, రంగు లేకపోతే పోయాడు. రోజుకు మూడు చావులు చేతి మీదుగా పోతాయి నాకు.

ఉగాది సంచికకు కంప్యూటర్లో పేజీలు పెట్టమని ఉమామహేశ్వర అడిగినప్పుడు నేను ఒకటే కోరాను. మా నాయన మీద రెండు పేజీల వ్యాసం వెయ్యాలి. మా నాయన గిడ్డయ్య, కోడుమూరు చుట్టుపక్కల పల్లెల్లో పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తాడు. మా వైపు నాటకం కరపత్రంలో దేవుడి బొమ్మ కింద మొదటి ఫోటో హార్మోనిస్టుదే, రాజు వేషం వేసేవాడిది కూడా ఆ తర్వాతే. హంద్రి ఏటి అవతల ఊరి తిరునాలలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ మొదటి ఫోటో మా నాయనది. ఉమామహేశ్వర ఒక్క పూట మా ఊరికి వచ్చి, నాలుగు ఫోటోలు తీసుకుని, మా అమ్మ పెట్టిన కొర్రన్నం తిని, వ్యాసం రాశాడు. అది అరవై నాలుగో పేజీలో పడింది.

వ్యాసం సంగతి సరే. సూచిక దగ్గరే మొదలైంది.

“ఆ చుక్కలు తీసెయ్యమ్మా,” అన్నాడు నా వెనక నిలబడి. పేరు నుంచి పేజీ అంకె దాకా నేను పెట్టిన చుక్కల వరస అది. “చుక్కలు పంచాంగాలకు. ‘పేజీ’ అన్న మాట కూడా తీసెయ్. అంకె ఒక్కటే ఉండాలి. పెద్దగా. ముఖమంత పెద్దగా.”

“అంకెలు వరసలో లేవు సార్. పదహారు తర్వాత నలభై, దాని తర్వాత ఎనిమిది ఉంది.”

“ముఖ్యమైనవి పైన. నెలనెలా వచ్చే శీర్షికలు అడుగున, సన్నటి అక్షరాల్లో. ప్రపంచమంతా అంతే చేస్తుంది.”

అతని ప్రపంచం ఆ ఇనుప బీరువాలోనే ఉందని నాకు తెలుసు కాబట్టి ఊరుకున్నాను. పాడేవాళ్ల పేర్లు లావుగా పెట్టించాడు. పక్క వాద్యాల వాళ్ల పేర్లు తీసేయించాడు, సూచికలో వాళ్లకు చోటుండదట. మూడు రంగుల ఫోటోలు పాటగాళ్లకు పోయాయి. తర్వాత బీరువా తీసి పది కాగితాలు నా ముందు పరిచాడు. అన్నిట్లోనూ ఒక మూల ఒక నలుపు తెలుపు ముఖం ఉంది.

“పేజీకి ఒక్కటి ఇలాంటిది ఉండాలి. తల పైభాగం కనబడకుండా ఫోటోను నుదురు మీద కోసెయ్యాలి. చూపు పక్కకు ఉండాలి. మీ నాన్నగారి ముఖంలో ఆ గీతలు చూశావా? నలుపు తెలుపు కోసమే పుట్టిన ముఖం.”

“దీనికి కూడా రంగే ఉంచుదాం సార్. మా వైపు...”

“ఇది ఫ్లెక్సు కాదమ్మా,” అని నవ్వాడు. “పత్రిక.”

ఆరేళ్లుగా ఆ మాట వింటున్నాను. డిగ్రీ చదివి ఫ్లెక్సులు చేస్తున్నావా అని అడిగినవాళ్లందరి గొంతూ ఆ నవ్వులో వినబడింది. నాకు ఒళ్లు మండింది. ఫ్లెక్సుల దానికి పత్రిక పని రాదనుకుంటున్నాడా, చూపిస్తాను అనుకున్నాను. మా నాయన నుదురు కోశాను. రంగు తీశాను. వెనకున్న గోడ, గోడ మీది దేవుడి పటం, అన్నీ చెరిపేశాను. ముఖం కింద, ముఖమంత పెద్దగా 64 పెట్టాను. దాని కింద అతను చెప్పిన వాక్యం: “హార్మోనిస్టు గిడ్డయ్య. ఒక శకం.” చివరి చుక్క కూడా అతనే పెట్టించాడు. పని అయ్యాక కుర్చీ వెనక్కి జరుపుకుని చూసుకున్నాను. బాగుంది. అది నా చేత్తో చేసిన మంచి పేజీల్లో ఒకటి.

పత్రిక బయటికొచ్చిన మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం, మా అమ్మ హంపమ్మ ఫోన్ చేసింది.

“జ్యోతీ, మీ నాయనను ఏం చేసినారే మీరు?”

“ఏమైందిమా?”

“పక్కింటి ఉరుకుందమ్మ వచ్చి నా రెండు చేతులు పట్టుకోని చూస్తాంది, గాజులుండాయా లేవా అని. పొద్దున్నుంచి ముగ్గురొచ్చినారు. మీ నాయన వసారాలో కూచోని సద్ది తాగుతాంటే ఆయప్పను చూసి జడుసుకుంటాండారు. ఫోన్లలో ఆయప్ప బొమ్మ తిరుగుతాందంట, నల్లగా. కింద అరవై నాలుగు అని ఏసినారంట. మీ నాయనకు అరవై ఒకటే కదా! ఆ మూడేండ్లు యాడ నుంచి తెచ్చి కలిపినారు?”

జరిగింది తెలుసుకోవడానికి పది నిమిషాలు పట్టలేదు. పత్రిక అమ్ముడు పోవాలని ఉమామహేశ్వర సూచిక పేజీ ఒక్కదాన్నే ఫోటో తీసి కళాకారుల గ్రూపులన్నిట్లో పెట్టాడు. ఎవడో పుణ్యాత్ముడు అందులోంచి మా నాయన ముఖం, 64, ‘ఒక శకం’ వరకు కత్తిరించి నాటకాల గ్రూపులో పడేశాడు. ఆ తర్వాత అంతా ఓం శాంతులే. రెండు వందల మంది దండాలు పెట్టారు. ఆ రెండు వందల మందిలో ఒక్కడికి కూడా మా ఇంటికి ఫోన్ చేసి ఎప్పుడు పోయాడు, ఎట్లా పోయాడు అని అడగాలని తోచలేదు. దండం బొమ్మ నొక్కితే బాధ్యత తీరిపోయింది వాళ్లకు.

అందరికంటే ముందు దండం పెట్టినవాడు బొజ్జన్న. మా నాయన దగ్గర పదహారేళ్లు నేర్చుకున్నాడు, మా ఇంట్లో తిన్నాడు. పొద్దున తొమ్మిదీ పదికి ‘గురువుగారికి కన్నీటి వీడ్కోలు’ అని పెట్టాడు. తొమ్మిదిన్నరకు హంద్రి అవతల ఊరి నాటకం పెద్దకు ఫోన్ చేశాడు. మా ఇంటికి చెయ్యలేదు.

నిజానికి మా బంధువులందరిలో బుర్ర వాడింది మా పెద్దమ్మ ఒక్కతే. మా వైపు కాకి తల మీద తన్నితే దోషమని, ఆ మనిషి చచ్చిపోయాడని దొంగ కబురు పంపి దగ్గరివాళ్లను ఏడిపిస్తారు. ఏడిస్తే దోషం పోతుందట. “గిడ్డయ్యకు కాకి తన్నింటాదిలే” అనుకుని, పద్ధతి ప్రకారం కాసేపు ఏడ్చి, తల స్నానం చేసి, నిమ్మళంగా అన్నం తినిందట.

నేను శనివారం సాయంత్రానికి ఊరు చేరాను. మా నాయన హార్మోనియం ముందేసుకుని దుమ్ము తుడుస్తున్నాడు. తిరునాల ఇంకా మూడు వారాలుంది. నన్ను చూసి, “రామ్మా. నేను సచ్చిపోయినానంట, తెల్సునా?” అని నవ్వాడు. ఆ నవ్వు ఆదివారం దాకా ఉంది.

ఆదివారం పొద్దున నాటకం పెద్ద అయ్యన్న మోటారు సైకిల్ మీద వచ్చాడు. బండి ముందు బంతిపూల దండ, జేబులో ఊదువత్తులు. వాకిట్లో మా నాయన గడ్డం గీసుకుంటున్నాడు.

“ఏమప్పా గిడ్డన్నా... ఉండావా?”

“ఉండా. కూచో.”

అయ్యన్న కూర్చోలేదు. చేతిలో దండ ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. మా అమ్మ లోపల్నుంచి అంది, “దండ యాడ పెట్టాల్నో తెల్లేదా? కొట్టంలో మా ఎనుముకు ఏసిపో.”

అయ్యన్న జేబులోంచి కరపత్రం తీసి ఇచ్చాడు. దేవుడి బొమ్మ కింద బొజ్జన్న, రంగుల్లో, నవ్వుతూ ఉన్నాడు. అడుగున మూల మా నాయన, నల్లగా, 64తో సహా. కార్యక్రమాల్లో మొదటిది ‘గురువర్యులు గిడ్డయ్య గారికి శ్రద్ధాంజలి, రెండు నిమిషాల మౌనం.’

“శుక్రారం పొద్దున్నే బొజ్జన్న ఫోన్ చేసి ఏడిసినాడప్పా. కరపత్రం ఆ పొద్దే ప్రెస్సుకు పోవాల్సి ఉండె. గురువు లేకపోతే శిష్యుడు కదా అని ఆయప్ప ఫోటో ఏపిస్తిమి. పదైదు ఊర్లకు పంచేస్తిమి.”

“మళ్లీ అచ్చు వేయించండి,” అన్నాను.

“ఎట్లమ్మా? పడిన ఫోటో తీసేస్తే బొజ్జన్న పరువేం గావాల?” అని నాకు చెప్పి, మా నాయన వైపు తిరిగి, మందలించినట్టు అన్నాడు. “సచ్చిపోలేదని ఒక్క మాట ముందే చెప్పింటే బాగుండె కదప్పా.”

ఆ మనిషి ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు. అలాంటివాళ్ల చేతుల్లో మా సీమ కళలన్నీ బతుకుతున్నాయి.

అతను పోయాక మా నాయన కరపత్రాన్ని చాలాసేపు చూశాడు. నవ్వు పోయింది.

“ఈ తిరునాలకు వాయించకపోతే నేనింగ వాయించేది లేదు పాపా. హార్మోని పీట ఒగసారి మారితే మారినట్లే. మిగతా ఊర్లోల్లు కూడా ఈ కరపత్రం చూసే పిలుస్తారు.” కరపత్రం మడుస్తూ అడిగాడు. “మీ పత్రికాయప్ప ఏమన్నా చెయ్యగలడా? నేను ఉండానని అదే కాడ, అంతే పెద్దగా ఏస్తే సాలు. ఫోన్లో పంపితే అందరూ చూస్తారు.”

నేను అక్కడే నిలబడి ఉమామహేశ్వరకు ఫోన్ చేశాను. విషయమంతా విని, అయ్యయ్యో అని రెండు సార్లు అన్నాడు. వచ్చే సంచికలో సవరణ వేస్తానన్నాడు.

“సూచికలో వెయ్యండి సార్. అదే సైజులో, రంగులో.”

“సవరణలు సూచికలో రావమ్మా. ఏ పత్రికలోనూ రావు. డెబ్బై ఒకటో పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో వేస్తాం. అది పద్ధతి.”

బతికున్న మనిషికి చిన్న అక్షరాలు, అదీ డెబ్బై ఒకటో పేజీ అడుగున. ఫోన్ పెట్టేశాను.

తిరునాల రోజు పోవద్దని మా అమ్మ మొత్తుకుంది. అయినా మా నాయన నన్ను తోడు తీసుకుని బయలుదేరాడు. ఆటోలో పోతుంటే రోడ్డు పక్క ఫ్లెక్సు కనబడినప్పుడల్లా, ఇది నువ్వు చేసిందేనా అని అడిగాడు. నావి కడపలో ఉంటాయి నాయనా అన్నాను. మళ్లీ తర్వాతది కనబడగానే అదే ప్రశ్న.

మేం చేరేసరికి పొద్దు గుంకుతోంది. నాటకం ఇంకా మొదలు కాలేదు, మైకువాడు హలో హలో అంటున్నాడు, స్టేజీ మీద బొజ్జన్న హార్మోనియం శ్రుతి సరిచూసుకుంటున్నాడు. స్టేజీకి కుడి పక్క ఆరడుగుల ఫ్లెక్సు కట్టారు. నుదురు కోసిన తల, పక్కకు తిరిగిన చూపు. ఆ అంచులు నేను కత్తిరించినవే. ఎవడో దానికి దీపం ఒకటి అతికించాడు. 64 తీసెయ్యలేదు, వాడూ వయసే అనుకుని ఉంటాడు. పైన పూలదండ వేశారు.

అయ్యన్న మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చాడు.

“వస్తివా, మంచిదైంది. శానా సంతోషం. ఒగటేనప్పా, శ్రద్ధాంజలి కరపత్రంలో పడింది కదా, చెయ్యకపోతే జనం అడుగుతారు. రెండు నిమిషాలు అట్ల పరదా ఎనక్కి పోయి కూచో. అయిపోయినాక పిల్చి శాలువ కప్పుతాం.”

మా నాయన అతన్ని పైకీ కిందికీ చూశాడు. పరదా వెనక్కి పోలేదు. ముందు పట్టా మీద జనంలో కూర్చున్నాడు, పక్కన నేను. మైకువాడు అందరూ లేచి నిలబడాలని, హార్మోనిస్టు గిడ్డయ్య ఆత్మకు శాంతి కలగాలని కోరాడు. జనం లేచారు. మా నాయన కూడా మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు. అందరితో పాటు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కనున్న ముసలాయన ఒక కన్ను తెరిచి మా నాయనను చూశాడు, ఫ్లెక్సు చూశాడు, మళ్లీ కన్ను మూసుకుని మౌనం పాటించాడు. ఆ జనంలో కూర్చుండిపోయింది నేనొక్కదాన్నే.

మౌనం అయిపోయాక బొజ్జన్న స్టేజీ దిగి వచ్చి మా నాయన కాళ్ల మీద పడ్డాడు. కన్నీళ్లు కారుతున్నాయి. మా నాయన వాణ్ని లేపి, “హార్మోని తిత్తి కాడ గాలి పోతాంది, చూస్కో. రెండో పద్యానికి సత్తువ సాలదు,” అన్నాడు. అంతే. తర్వాత ఫ్లెక్సు దగ్గరికి పోయి తాళ్లు విప్పాడు.

“ఏందప్పా అది?” అన్నాడు అయ్యన్న.

“నాదే కదా ఇది.”

చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. శాలువ కోసం ఆగలేదు. మేం ఆటో దగ్గరికి నడుస్తుంటే వెనక ప్రార్థన మొదలైంది. బొజ్జన్న బాగానే వాయిస్తున్నాడు. అదే నాకు ఎక్కువ మండింది.

“నేర్పినోడు గట్టోడులే,” అన్నాడు మా నాయన, నడక ఆపకుండా.

ఆ ఎండాకాలం ఇంకే ఊరి నుంచీ పిలుపు రాలేదు. హార్మోనియం పాత చీరలో చుట్టుకుని అటక ఎక్కింది. ముప్పై ఏళ్లుగా నాటకాల నెలల్లో రాత్రిళ్లు ఒంటరిగా పడుకున్న మా అమ్మకు మొగుడు ఇంట్లో ఉన్నాడు. ఇద్దరికీ ఏం చేసుకోవాలో తెలియలేదు.

నేను కడపకు తిరిగొచ్చి తర్వాతి సంచికకు పేజీలు పెట్టాను. ఎందుకు పెట్టావని అడగకండి, చెబుతున్నాను. ఆ సంచికలో ఉమామహేశ్వర సొంత వ్యాసం ఉంది, ‘విషయసూచిక ఒక కళ’ అని. అది డెబ్బయ్యో పేజీలో వచ్చేలా రెండు ప్రకటనలు అటూ ఇటూ జరిపాను. అతని ఫోటో తీసుకున్నాను. నుదురు కోశాను. రంగు తీశాను. చూపు పక్కకు ఉన్నదే ఏరుకున్నాను. ముఖం కింద ముఖమంత 70 పెట్టి, దాని కింద “ఉమామహేశ్వర. ఒక శకం.” అని రాసి, ప్రూఫు తీసుకుని అతని ఇంటికి పోయాను.

అతను కళ్లద్దాలు పెట్టుకుని కాగితం అందుకున్నాడు. ఒక్క క్షణం. కుర్చీలోంచి లేచిన తీరుకు టీపాయి మీది గ్లాసు పడిపోయింది.

“యేందిమ్మే ఇది! నేనేమన్నా సచ్చిపోతినా?” ఆ గొంతు రేడియోది కాదు. “నాకింకా అరవై ఎనిమిదే!”

అరుపు విని అతని భార్య లోపల్నుంచి వచ్చింది. కాగితం చూసింది. ఆమె చెయ్యి మెడలో తాళి మీదికి పోయింది.

“ఇది ఫ్లెక్సు కాదు సార్,” అన్నాను. “పత్రిక.”

నేను చెప్పులేసుకుని మెట్లు దిగాను. తర్వాత ఆ సంచిక చూశాను. సూచికలో అన్నీ రంగు ఫోటోలే, ప్రతి పేరు నుంచీ అంకె దాకా చుక్కల వరస, అంకెకు ముందు ‘పేజీ’ అన్న మాట. ప్రపంచం మారిపోయింది.

ప్రూఫు చూపించిన వారంలోనే, ఆదివారం ఊరికి పోయాను. ఈ కథ చెప్పాలని దారిపొడుగునా నోరు ఊరింది. మా అమ్మ, నాయన ఇంటి ముందు చింతపండు ఎండబెట్టి గింజలు తీస్తున్నారు. కింద పరిచింది ఆ తిరునాల ఫ్లెక్సే, బొమ్మ నేలకేసి, తెల్ల వైపు పైకి వేశారు. నేనూ కూర్చుని గింజలు తీస్తూ మొత్తం చెప్పాను, గ్లాసు పడటం, ఆయన అరుపు, ఆ అరవై ఎనిమిది. మా అమ్మ దగ్గు వచ్చేదాకా నవ్వింది. మా నాయన కూడా నవ్వాడు. ఆ కరపత్రం చూసిన తర్వాత అతను నవ్వడం అదే మొదటిసారి.

“అయితే ఆయప్పకు చూస్తానే తెలిసిపాయ,” అన్నాడు.

“సెకండు పట్టలేదు నాయనా.”

ఒక గింజ తీసి పక్కన వేశాడు. ఇంకో గింజ తీశాడు.

“నువ్వు దినామూ చేసేటివి అయ్యే కదా. సచ్చినోల్లవి.”

“ఊఁ.”

“నా బొమ్మ చేసేటప్పుడు నీకు తెల్లేదా?”

మా అమ్మ నవ్వు ఆగిపోయింది. చెప్పడానికి అబద్ధాలు చాలానే ఉన్నాయి. ఉమామహేశ్వరే చెయ్యమన్నాడు, నేను వద్దన్నాను, వినలేదు అనొచ్చు. మా నాయన నమ్మేవాడు.

“తెలిసింది నాయనా.”

“మరి చెప్పకపోతివి.”

“చెప్పబోతే ఇది ఫ్లెక్సు కాదన్నాడు. ఫ్లెక్సులు చేసేదాన్నని చులకనగా నవ్వినాడు. దాంతో...”

మా నాయన నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే బాగుండేది.

“ఫ్లెక్సులు చేసేదానివే కదమ్మా నువ్వు,” అన్నాడు. “నేను ఊరూరా అదే చెప్పుకుంటాంటి.”

ఎండ తగ్గింది, పడమటి నుంచి దుమ్ము గాలి లేచింది. మా నాయన మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు, ఆ రోజు మౌనానికి లేచినట్టే.

“ఆ కొసలు పట్టుకో. లోపలికి మోస్తాం.”

రెండు కొసలు అతను, రెండు కొసలు నేను పట్టుకున్నాం. చింతపండు బరువుకు ఫ్లెక్సు నడుమ కుంగింది. నా వేళ్ల కింద 64 ఉంది. గడప దాటేటప్పుడు అది జారిపోకుండా గట్టిగా పట్టుకున్నాను.